సాక్షి మొక్క

మా పెరట్లో ఋతువులు మారడాన్ని నేను మొదట చూసింది నీడలో. ఇంటికి ఉత్తరం వైపు, గోడకీ నూతికీ మధ్య సన్నటి జాగా ఒకటి ఉండేది. చలికాలమంతా అక్కడ ఎండ పొడ సోకేది కాదు. అదే జాగా నడివేసవిలో పొద్దుట్నించి సాయంత్రం దాకా కాగిపోయేది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి వాలుగా నడుస్తాడు కాబట్టి ఇంటి నీడ ఉత్తరానికి పొడుగ్గా పడుతుంది. వేసవిలో నడినెత్తికి వచ్చేసరికి ఆ నీడ గోడ మొదట్లోకి ముడుచుకుపోతుంది. చదువుకుంటే ఇంతే సంగతి. అమ్మ మాత్రం దాన్ని మా చేత నేల మీద గీయించింది. నెలకోసారి మిట్టమధ్యాహ్నం తమ్ముడూ నేనూ సున్నం డబ్బా పట్టుకుని నీడ అంచు వెంట గీత పోసేవాళ్ళం. వాన వస్తే గీత చెరిగిపోతోందని తరవాత సున్నం బదులు రాళ్ళు పేర్చమంది. ఏడాది తిరిగేసరికి పెరడంతా రాళ్ళ వరసలే. చీకట్లో నూతి దగ్గరికి వెళ్ళి బొటనవేలు కొట్టించుకోని మనిషి మా ఇంట్లో లేడు.

"ఈ రాళ్ళు ఏం కాస్తాయే అమ్మాయ్?" అని అడిగేది నాన్నమ్మ.

"ఏది ఎక్కడ కాస్తుందో చెప్తాయి అత్తయ్యా," అనేది అమ్మ.

నిజంగానే చెప్పేవి. కాయ కోసం పెంచే మొక్కకి రోజుకి కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. ఆకు కోసం పెంచేవాటిలో చాలావరకు అంతకంటే తక్కువతో సర్దుకుపోతాయి. అందుకని చలి మొదలవగానే టమాటా, వంగ, మిరప దక్షిణం వైపు మళ్ళలోకి వెళ్ళేవి. పుదీనాకీ తమలపాకు తీగకీ నూతి పక్క చోటు. కొత్తిమీర ఇంకో రకం. చలికాలంలో దానికి ఎండ కావాలి. వేసవిలో అదే ఎండలో పెడితే ఆకు సరిగ్గా విచ్చకుండానే పూతకి వచ్చేస్తుంది. దాన్ని ఎండాకాలం జామచెట్టు నీడకి మార్చి కొన్నాళ్ళు ఎక్కువ ఆకు రాబట్టడం అమ్మ తొలి విజయాల్లో ఒకటి. ధనియం గింజ ఒక్కటి కాదనీ, పెంకు నలిపితే రెండు బద్దలై రెండు మొక్కలు వస్తాయనీ మాకు అప్పుడే తెలిసింది. చెప్పుల కింద వేసి నలిపే పని తమ్ముడిది, వాడికి అంత ఇష్టమైన పని ఇంకోటి ఉండేది కాదు.

అమ్మ చదువు పదో తరగతితో ఆగిపోయింది. సైన్సంటే ఆవిడకున్న ఇష్టం ఆగలేదు, పెరట్లోకి దారి చూసుకుంది. పాల లెక్కల పుస్తకాన్ని ముందునించి పాలకీ, వెనకనించి మొక్కలకీ వాడేది. రెండూ మధ్యలో ఎక్కడో ఢీకొన్నప్పుడు కొత్త పుస్తకం వచ్చేది. వెనక పేజీల్లో మూడే గడులు: ఏం చేశాను, ఎప్పుడు, ఏమైంది. "ఎందుకు" అనే గడి లేదు. ఎందుకో తరవాత ఎప్పుడైనా తెలుస్తుందిలే, ఏమైందో ఇప్పుడు రాయకపోతే మళ్ళీ దొరకదు అనేది.

ఆవిడ పద్ధతి మహా పట్టుదలగా ఉండేది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ఎరువూ మార్చి, నీళ్ళూ మార్చి, చోటూ మార్చాక మొక్క బాగుపడితే అది దేని చలవో ఎవరు చెప్తారు? ఇక ఏం చేసినా సరే, పక్కన ఏమీ చెయ్యని మొక్క ఒకటి ఉండి తీరాలి. దాన్ని సాక్షి మొక్క అనేది. అదే గింజ, అదే రోజు పాతింది, అదే మట్టి. ప్రయోగం చేసిన మొక్క ఎంత విరగకాసినా, సాక్షి మొక్క కూడా అంతే కాసిందంటే ఆ ప్రయోగం కొట్టివేత. కొన్నేళ్ళ తరవాత కాలేజీ ల్యాబులో కంట్రోల్ పెట్టమన్నప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

నాన్నమ్మకి మాత్రం సాక్షి మొక్కంటే గిట్టేది కాదు. "రెండూ మనం పాతినవే. ఒకదానికి పెట్టి ఇంకోదాన్ని మాడ్చడం ఎక్కడి న్యాయం?" అనేది. ఆ సణుగుడుని మేమెవరం పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిందని చాలాకాలం తరవాత తేలింది.

వేసవి వచ్చిందంటే అమ్మకీ ఎండకీ పోటీ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట మా పెరట్లో నిజమయ్యేట్టే ఉండేది. నూతిలో నీళ్ళు అడుక్కి దిగేవి. అప్పుడు అమ్మ మొక్కల మధ్య మట్టికుండల్ని మెడ దాకా పాతి, నీళ్ళు నింపి, పైన పెంకు మూత పెట్టింది. పూత లేని మట్టికుండ గోడలోంచి నీరు ఊరుతుంది. చుట్టూ మట్టి ఎండే కొద్దీ ఆ నీటిని లాక్కుంటుంది, తడిగా ఉన్నప్పుడు లాగదు. అంటే ఎంత కావాలో మట్టే చూసుకుంటుంది. చైనాలో రెండు వేల ఏళ్ళ కిందటి వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ఉందని పెద్దయ్యాక చదివాను. అమ్మకి మాత్రం మంచినీళ్ళ కుండ కింద ఎప్పుడూ తడిగా ఉండే ఇసుకని చూస్తే తట్టిందట.

అక్కడితో ఊరుకుంటే ఆవిడ మా అమ్మ కాదు. ఒక కొత్త కుండ, ఒక పాత కుండ పక్కపక్కన పాతింది. పాతది ఎన్నాళ్ళకీ ఖాళీ అవలేదు. నాన్నమ్మ సంతోషపడింది, నీళ్ళు ఎంత ఆదా అవుతున్నాయో చూడమంది. అమ్మ పాత కుండ పక్క మట్టిలో వేలు గుచ్చి చూపించింది. పొడి. ఏళ్ళ తరబడి వాడిన కుండకి సూక్ష్మ రంధ్రాలు ఉప్పుతోనూ పాచితోనూ పూడిపోతాయి. అది నీళ్ళు ఆదా చెయ్యడం లేదు, అసలు ఇవ్వడమే లేదు.

ఎండుటాకులు కప్పడం విషయంలో నాన్నమ్మదే పైచేయి. వంగ మొక్కల కింద ఒక వరసకి రాలిన ఆకులు మందంగా పరిచింది అమ్మ, ఇంకో వరస వట్టి నేల. ఆకుల కింద మట్టి మధ్యాహ్నం పూట కూడా చల్లగా ఉండేది, నీళ్ళు పోసిన తడి మర్నాటికీ నిలిచేది. "చెద పడుతుందే అమ్మాయ్," అంది నాన్నమ్మ. పట్టింది. ఆ తరవాత నించి ఆకుల్ని మొక్క మొదలుకి తగలకుండా జానెడు దూరంలో పరిచి, వారానికోసారి కదపడం అలవాటు చేసుకున్నారు. ఇద్దరూ కలిసి కనిపెట్టింది అని చెప్పదగ్గది బహుశా అదొక్కటే.

టమాటా దగ్గర అమ్మ ఎన్ని వేసవులు తలపడిందో! ఏప్రిల్ దాటాక పూత వస్తుంది, కాడ పసుపు రంగుకి తిరుగుతుంది, రాలిపోతుంది. ఎండ తగ్గిస్తే నిలుస్తుందేమోనని పాత నూలుచీర కర్రలకి కట్టి ఒక మడికి నీడ వేసింది. పక్కన సాక్షి మడి. పుస్తకంలో ఆ వేసవి రాత ఇలా ఉంది: "నీడ వేశాను. ఆకు బాగుంది. ఉన్న కాయలకి ఎండదెబ్బ లేదు. పూత మాత్రం నిలవలేదు." మరుసటేడు రెండు చీరలు కట్టింది. అదే ఫలితం. టమాటాకి పగటి ఎండ ఒక్కటే కాదు చిక్కు. రాత్రి వేడి 15 నించి 20 డిగ్రీల మధ్య ఉంటే దానికి సుఖం. పగలు 35 దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి పనికిరాకుండా పోతుంది, పూత కాయగా మారదు. చీర పగటి ఎండకి అడ్డం నిలుస్తుంది గానీ రాత్రి ఉక్కకి ఏం చేస్తుంది? "కాలం రానీవే," అని నాన్నమ్మ అన్నది మొండిమాటగా అనిపించేది నాకు. టమాటా విషయంలో అంతకంటే సరైన శాస్త్రం లేదు. అదే పెరట్లో అదే ఎండకి బెండ, గోరుచిక్కుడు కులాసాగా కాసేవి.

వానలు మొదలవగానే తమ్ముడికి ఉద్యోగం. నిటారు గోడలున్న ఖాళీ డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి, వాన వెలిశాక స్కేలుతో లోతు కొలిచి అమ్మకి చెప్పాలి. ఒక మిల్లీమీటరు వాన పడిందంటే చదరపు మీటరు నేలకి ఒక లీటరు నీళ్ళు పోసినట్టు. రెండు చదరపు మీటర్ల మడి మీద 10 మిల్లీమీటర్లు పడితే 20 లీటర్లు, అంటే ఆ పూట నూతి దగ్గర చేద పట్టక్కర్లేదు. నిజానికి ఈ లెక్కని మాకంటే ఎక్కువ ప్రేమించింది నాన్న. నీళ్ళు తోడే వంతు ఆయనది. చినుకు పడితే చాలు, "ఎన్ని మిల్లీమీటర్లురా?" అని గదిలోంచే కేకేసేవారు. వాడు కాస్త ఎక్కువ చేసి చెప్పేవాడని నా అనుమానం.

వానాకాలం నారుమడికి మంచిది కాదు. నిన్న సాయంత్రం పచ్చగా నిలబడ్డ నారు పొద్దున్నకి నేల దగ్గర మెత్తబడి వాలిపోయి ఉండేది. నారుకుళ్ళు. మట్టిలో ఉండే బూజు జాతి జీవుల పని అది, తేమ నిలిచిన చోట అవి విజృంభిస్తాయి. అమ్మ ఒక మడిలో గింజలు ఒత్తుగా చల్లింది, ఇంకో మడిని బెత్తెడు ఎత్తు లేపి పలచగా వేసింది. ఎత్తు మడిలో నారు చాలావరకు బతికింది. పుస్తకంలో రాసి, కింద గీత గీసి, పక్కన ఇంకో మాట చేర్చింది: "ఒకేసారి రెండు మార్చాను. ఎత్తువల్లా, పలచదనంవల్లా? మళ్ళీ చెయ్యాలి." తన పద్ధతి తప్పినప్పుడు కూడా రాసుకునేది.

ఆకుమచ్చ వచ్చినప్పుడు బోర్డో మిశ్రమం కలిపేది. ఫ్రాన్సులో ద్రాక్షతోటల బూజు తెగులుకి మందుగా మిలార్డే 1885లో దీన్ని ప్రకటించాడు. లీటరు నీళ్ళకి 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం. రెండూ విడివిడిగా కరిగించి కలపాలి, ఇనప పాత్ర పనికిరాదు. కలిపాక మెరిసే కత్తి మొన ముంచి చూడాలి. మొన మీద ఎర్రగా రాగి పూత పట్టిందంటే సున్నం చాల్లేదన్నమాట, అలాగే కొడితే ఆకు మాడుతుంది. ఆ నీలిరంగు బకెట్టూ, కత్తి మీద రాగి పూతా మాకు ఇంద్రజాలం. రసాయనశాస్త్రం పాఠాల్లో ఇనుము రాగిని నెట్టేయడం వచ్చినప్పుడు క్లాసులో నేనొక్కదాన్నే నవ్వుకున్నాను.

వానాకాలం సాయంత్రాలు నాకు బాగా ఇష్టం, ఎందుకంటే అవి తీగల వేళలు. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. సొర, బీర మాత్రం పొద్దువాలాక విచ్చుకుంటాయి. సొరపువ్వు తెల్లగా ఉండేది చీకట్లో తిరిగే రెక్కల పురుగులకి కనపడ్డానికే. వాన పడుతున్న సందెల్లో ఆ పురుగులు రావు. పిందె పడుతుంది, పసుపు రంగుకి తిరుగుతుంది, ఊడిపోతుంది. అమ్మ మాకు మగపువ్వునీ ఆడపువ్వునీ పోల్చడం నేర్పింది. ఆడపువ్వు వెనక బుల్లి కాయ అప్పటికే ఉంటుంది, మగపువ్వుకి వట్టి సన్నకాడ. మగపువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెత్తగా అద్దాలి. అద్దిన పువ్వు కాడకి ఎర్రదారం. వదిలేసినవాటికి ఏమీ లేదు.

లాంతరు పట్టుకునే పని నాది. చినుకుల్లో, బురదలో, పందిరి కింద వంగుని. నాన్నమ్మ వసారాలో కూర్చుని ఆ దారి వెంట పోయేవాళ్ళకి వినపడేలా, "మా కోడలు సందెవేళ దీపం పెట్టించుకుని పువ్వులకి పెళ్ళిళ్ళు చేస్తోందమ్మా!" అని ప్రకటించేది. వారం తిరిగేసరికి ఎర్రదారాల పిందెలు లావెక్కేవి. దారం లేనివాటిలో సగం నేల మీదికి. ఆ తరవాత నాన్నమ్మే, "ఇవాళ పెళ్ళికి ఎన్ని కూతుళ్ళున్నాయే?" అని పందిరి వంక చూసి మరీ అడిగేది.

తీగ మొదట్లో అన్నీ మగపువ్వులే పూసి మమ్మల్ని ఉడికించేది. ఈ జాతిలో అది మామూలే, మగవి ముందొస్తాయి. పగళ్ళు పొడుగ్గా, వేడిగా ఉన్నంతకాలం వాటిదే జోరు, పొద్దు తగ్గుతూ చల్లబడే కొద్దీ ఆడపువ్వులు పెరుగుతాయి. అమ్మ ఒక సొరతీగ కొస తుంచేసింది. పక్కకొమ్మలు వచ్చాయి, వాటి కొసలూ తుంచింది. ఆ కొమ్మల మీద ఆడపువ్వులు ఎక్కువ. సాక్షి తీగ పందిరి దాటి గోడ ఎక్కి పక్కవాళ్ళ పెరట్లోకి దిగిపోయింది గానీ కాయలు తక్కువ. దిగిన కాయలు పక్కవాళ్ళవే అయ్యాయనుకోండి, ఆ లెక్క పుస్తకంలో లేదు.

ఇక చిక్కుడు. ఎన్ని చెప్పినా ఆ పెరట్లో జరిగిన అసలు సంగతి చిక్కుడుదే.

పందిరి చిక్కుడు గింజ వానల ముందు పెడితే, వానాకాలమంతా ఆకే ఆకు. మనిషి చొరబడలేనంత ఆకు, పువ్వు ఒక్కటుండదు. "చలిగాలి తగలందే పూయదు" అని నాన్నమ్మ సిద్ధాంతం. ఎవరినడిగినా అదే చెప్తారు. ఒక ఏడు చలి బాగా ఆలస్యంగా వచ్చింది. చిక్కుడు మాత్రం ఎప్పటిలాగే అదే రోజులకి పూసేసింది. అమ్మ పుస్తకంలో "చలి లేదు. పూసింది." అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

తరవాతి ఏడు మా ఇంటి వెనక సందులో కొత్తగా వీధి దీపం పెట్టారు. ఆ సీజనులో పందిరికి ఒక సగం నిండా ఊదారంగు గెలలు. సందు వైపు సగంలో ఆకు తప్ప ఏమీ లేదు. నాన్నమ్మ దిష్టి అంది, దారిన పోయేవాళ్ళ కళ్ళన్నీ అటే కదా పడతాయంది. నాన్న ఆలోచించి, అటువైపు పశువుల ఎరువు ఎక్కువైందేమో, ఎరువు ఎక్కువైతే ఆకే వస్తుంది కదా అన్నారు. అది కొట్టిపారేసే మాట కాదు. అమ్మ ఇద్దరినీ పందిరి కిందికి తీసుకెళ్ళి మొదలు చూపించింది. పాదు ఒక్కటే. ఒక్క తీగే పైకెక్కి రెండు పాయలై ఇటూ అటూ అల్లుకుంది. ఒకే వేరు, అవే నీళ్ళు, అదే ఎరువు. తేడా పైన ఎక్కడో ఉండాలి. ఆవిడ తలెత్తి చూసింది, దీపం.

మర్నాడే సందు వైపు పందిరికి గోనెపట్టా అడ్డంగా కట్టించింది. పూర్తిగా కాదు, సగం మేరకే. మిగతా సగం సాక్షి. నాన్న విసుక్కుంటూనే మేకులు కొట్టారు. కొన్ని వారాలకి గోనె చాటున ఉన్న కొమ్మల్లో మొగ్గ కనపడింది, ఆ తరవాత గెలలు దిగాయి. దీపం వెలుగు నేరుగా పడేచోట ఆకు అలాగే ఉంది. పందిరి మీద గోనె నీడ ఎంతవరకు పడిందో అంతవరకు పువ్వు. అమ్మ రాసుకున్నది: "చలి కాదు. దీపం."

నేను డిగ్రీలో బోటనీ చదువుతున్నప్పుడు ఆ పాఠం వచ్చింది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు 1920లో దీన్ని బయటపెట్టారు. మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవి పొలంలో పూయకుండా పెరుగుతూ పోతోంది, చలికాలం గాజు ఇంట్లో పెడితే పూస్తోంది. వేడి, తేమ, ఎరువు ఒక్కొక్కటీ చూసి తీసేసి చివరికి పగటి పొడుగు దగ్గర ఆగారు. తరవాత 1938లో హామ్నర్, బానర్ ఇంకో మొక్క మీద చేసి చూపించింది ఏమిటంటే, మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, ఆపకుండా సాగే చీకటిని. ఆ చీకటి మధ్యలో కాసేపు దీపం వెలిగించినా లెక్క తప్పుతుంది, పువ్వు రాదు. మన పాత చిక్కుడు రకాలూ, గోంగూరా, చామంతీ ఈ తెగవే. ఏడాది పొడుగునా కాసే పొట్టి చిక్కుడు రకాలు తరవాత వచ్చాయి, వాటికి ఈ పట్టింపు లేదు.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఇదంతా అమ్మకి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాను. చీకటి ఎలా చేశారని మాత్రం అడిగింది. పగలు ఇంకా వెలుగుండగానే కుండీల్ని చీకటి కొట్టంలోకి చేర్చి, మళ్ళీ బయట పెట్టేవాళ్ళని చెప్పాను.

"రోజూ మోసేవాళ్ళా!" అంది. "దానికంటే మన గోనెపట్టా నయం కదే."

నాకిప్పుడు పెరడు లేదు, మేడ మీద కుండీలున్నాయి. చుట్టూ దీపాలే. మెట్ల దీపం, పక్కింటి దీపం, వీధిలో కళ్ళు చెదిరే ఎల్‌ఈడీలు. చిక్కుడు ఆకే వేస్తోంది, కాయడం లేదు అని ఎవరైనా నాతో అంటే ఎరువు గురించి అడిగేముందు, రాత్రి ఎనిమిదింటికి ఆ మొక్క దగ్గర నిలబడి చూడమంటాను. చేతిలోని పేపరు అక్షరాలు చదవగలిగితే మొక్కకి అది చీకటి కాదు. నా చిక్కుడు కుండీకి దీపం వైపు పాత తెర కట్టాను. తెర కట్టని కుండీ కూడా ఒకటి పెట్టానని వేరే చెప్పాలా?

చలికాలంలో చిక్కుడు లేత కొసలకి నల్లగా పేనుబంక పట్టేది. నాన్నమ్మ బూడిద చల్లమనేది, చల్లితే కొంత తగ్గేది కూడా. అమ్మ ఒక కొమ్మకి చల్లి, ఇంకో కొమ్మ వదిలేసింది. వదిలేసిన కొమ్మ చూడ్డానికి అసహ్యంగా తయారైంది. అప్పుడు వచ్చాయి అక్షింతల పురుగులు, వాటి వెనకే వాటి పిల్లలు. ఆ పిల్లలు తల్లికి ఏమాత్రం పోలిక లేకుండా, నల్లగా, మొసలి పిల్లల్లా ఉంటాయి. కొత్త పురుగనుకుని నలిపెయ్యబోతున్న నాన్నమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది అమ్మ. వారంలో ఆ కొమ్మ శుభ్రం. బూడిద చల్లిన కొమ్మ వంక అవి రాలేదు. అప్పణ్ణించి మా ఇంట్లో రాజీ ఏమిటంటే, కొద్దిగా పడితే వదిలెయ్యడం, మితిమీరితేనే బూడిద.

మల్లె దగ్గర మాత్రం అమ్మ శిష్యురాలు. చలి తగ్గే ముందు నాన్నమ్మ మల్లెపొదని కత్తిరించి, ఉన్న ఆకంతా దూసి, నీళ్ళు ఆపేసేది. పొద చచ్చిపోయినట్టు ఎండుపుల్లలై నిలబడేది. మా అందరికీ భయం. కొన్నాళ్ళయ్యాక మొదలు తవ్వి, ఎరువేసి, నీళ్ళు పెట్టేది. కొత్త చివుళ్ళు, చివుళ్ళ చివర మొగ్గలు, వేసవి సాయంత్రాలు బుట్టలకొద్దీ పువ్వులు. మల్లె కొత్తగా వచ్చిన కొమ్మ మీదే పూస్తుంది కాబట్టి కత్తిరింపు, ఎండగట్టి ఒక్కసారిగా తడిపితే ఒకేసారి విరగపూస్తుంది కాబట్టి ఆ నీళ్ళ పస్తు. అమ్మ రెండో పొదని ముట్టుకోకుండా సాక్షిగా ఉంచింది. అది గుబురుగా పెరిగి ఇక్కడొకటి అక్కడొకటి పూసింది. "చూశావా?" అని నాన్నమ్మ అనలేదు. రోజూ సాయంత్రం తన పొద పువ్వులు కోసి, సాక్షి పొద ముందు కూర్చుని మాల కట్టేది. అంతకంటే పెద్ద మాట ఏముంటుంది?

కరివేపాకు కథతో ఆపుతాను. చలికాలమంతా కరివేపాకు మొక్క కదలదు. కొత్త చివురు రాదు, ఉన్న ఆకు పసుపుబారి రాలుతుంది. పుల్లమజ్జిగ పోస్తే చివురిస్తుందని నాన్నమ్మ గట్టి నమ్మకం. సరే చూద్దామని అమ్మ ఒకే ఎత్తున్న రెండు మొక్కలు ఎంచుకుంది. ఎడమదానికి వారానికోసారి నీళ్ళు కలిపిన పుల్లమజ్జిగ, కుడిదానికి అన్నే నీళ్ళు. ఎండలు ముదిరేసరికి రెండూ ఒకేలా చివురించాయి. అమ్మ సంబరంగా పుస్తకం తెచ్చి, కరివేపాకుకి కావాల్సింది వెచ్చదనమే, మజ్జిగ చలవ ఏమీ లేదని అందరి ముందూ చదివింది. మరుసటి చలికాలం మళ్ళీ చేసింది, మళ్ళీ అదే. రెండుసార్లు తేలింది కాబట్టి కింద రెండు గీతలు గీసింది.

ఇది జరిగిన చాలా ఏళ్ళకి, నాన్నమ్మ మంచం దిగలేని రోజుల్లో, ఏదో మాటల్లో ఆ ప్రయోగం ప్రస్తావన వచ్చింది. నాన్నమ్మ కళ్ళు మూసుకునే వింటోంది.

"కుడిదానికీ పోశానే," అంది.

"ఏం పోశారు అత్తయ్యా?"

"మజ్జిగ. నువ్వు నిద్రపోయాక పోసేదాన్ని. పక్కదానికి పోస్తుంటే అది చూస్తూ ఎలా ఉంటుందే పాపం?"

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తరవాత లేచి అటక మీంచి ఆ ఏటి పాల పుస్తకం దింపి, పేజీ వెతికి, రెండు గీతల్నీ కొట్టేసి, "సాక్షికి మజ్జిగ పోశారు. చెల్లదు." అని రాసింది. రాసి, ఎన్ని రాత్రులు పోశారు, గ్లాసా చెంబా అని నాన్నమ్మని నిలదీయడం మొదలుపెట్టింది.